పదకొండు సెకన్ల దొంగ

సాయంత్రం నాలుగింటిలోగా జరగవలసిన పనులు: ప్రాంప్టు రెండు సెకన్లలో తెరుచుకోవాలి. హెడ్‌మిస్ట్రెస్ గారికి చూపించే పాఠం సరిచూడాలి. బావను స్టోర్ రూములోంచి బయటికి రానివ్వకూడదు.

మూడోది అప్పటికే చేయి దాటిపోయింది.

“నేను ఛేదించలేని రహస్యం ఈ భూమ్మీద పుట్టలేదు. పుట్టినా పురిట్లోనే పట్టేస్తాను!” అంటూ భూతద్దంతో దిగాడు బావ. మా అక్క భర్త, మా ఆఫీసు స్టోర్ కీపర్.

మేము బడిపిల్లల కోసం ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేస్తాం. ఒక వాక్యం టైపు చేస్తే వెంటనే జవాబిచ్చే తెర ఉంటుంది, అదే ప్రాంప్టు. నేను చేరిన నాటినుంచీ అది తెరుచుకోవడానికే పదకొండు సెకన్లు పడుతోంది. తమ బడికి తీసుకోవాలో లేదో తేల్చడానికి వస్తున్న హెడ్‌మిస్ట్రెస్ గారు వద్దంటే ప్రాజెక్టు మూత, నా ఉద్యోగమూ అంతే. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాణ్ణి నేను. ఏ ముఖం పెట్టుకుని ఇంటికి వెళ్లాలి?

“ఎంత పోయింది?”

“పది సెకన్లు, బావా.”

“ఒక్కసారేనా?”

“తెరిచినప్పుడల్లా.”

“అమ్మో, ఆరితేరిన దొంగ!”

ప్రాంప్టు మొదలయ్యేటప్పుడు తెచ్చుకునే నలభై ఫైళ్ల జాబితాను గోడకు అంటించి, ఒక్కొక్కదాన్నే గద్దించాడు. చివరికి క్యాలెండర్ ఫైలు మీద వేలు పెట్టాడు.

“కాలంతో లావాదేవీలున్నది వీడికే. పట్టుకో!”

“అది తేదీలు చూస్తుందంతే.”

“దొరికిన ప్రతి దొంగా ఇలాగే అంటాడు.”

ఆయన పోరు పడలేక తీసేశాను. పదకొండూ పదకొండుగానే ఉన్నాయి. పాఠంలోని తేదీలు మాత్రం మాయమయ్యాయి. మళ్లీ పెట్టాను. మూడున్నరయింది.

“అడుగుజాడలు!” అంటూ బల్ల కిందికి దూరాడు. అవి ఆయనవే. ఆ మాట చెప్పేలోపే అటు తిరగబోయి, మోకాలితో నెట్‌వర్క్ తీగ ఊడగొట్టాడు. అదే క్షణాన నేను ప్రాంప్టు నొక్కాను. టక్కున తెరుచుకుంది!

“బావా, కదలకు!”

“కదిలేదేముంది, నడుం పట్టేసింది.”

“నీ బుర్ర మోకాల్లో ఉందని అక్క అంటే తిట్టనుకున్నాను. ఆ మోకాలికి దండం.”

తీగ లేకపోతే వేగం వచ్చిందంటే, ప్రాంప్టు మొదలవుతూనే ఆ తీగ వెంట ఎవరినో పిలిచి, జవాబు కోసం ఆగుతోందన్నమాట. వెతికితే ఒక్క లైను దొరికింది, పక్కన గమనికతో సహా. ప్రాంప్టును మొదట రాసిన మేడమ్, పిల్లల కోసం రోజుకో మాట తన కంప్యూటర్లో రాసి ఉంచేవారట. తెరవగానే ఆ మాట కనిపించేదట. ఆవిడ పోయాకే ఆ కుర్చీలో నేను చేరాను. ప్రాంప్టు మాత్రం ఇప్పటికీ ఆ కంప్యూటర్‌ను పిలిచి, పది సెకన్లు ఎదురుచూసి, ఎవరూ పలక్కపోతే తన పని మొదలుపెడుతోంది.

ఆ కంప్యూటర్ ప్లగ్గు పీకి, సంతకం పెట్టి, స్టోర్‌లో సర్దింది మా బావే.

“చూశావా! నేరస్థుడెప్పుడూ మనలోనే ఉంటాడు!” అన్నాడు బల్ల కిందనుంచి, గర్వంగా.

దాన్ని తెచ్చి ఆన్ చేశాను. ఆవిడ చివరగా రాసిన మాట అలాగే ఉంది: “తప్పు రాసినా పరవాలేదు, మళ్లీ రాయండి.” పిలిచే లైను తీసేసి, ఆ మాటను ప్రాంప్టులోనే పెట్టాను.

నాలుగింటికి ఒక్క సెకనులో తెరుచుకుంది. హెడ్‌మిస్ట్రెస్ గారు ఆ మాటను రెండుసార్లు పైకి చదువుకున్నారు.

“ఇది మా పిల్లలకు కావాలి” అన్నారు.

ఎప్పుడైనా మీ ముందు ఈ ప్రాంప్టు టక్కున తెరుచుకుంటే, మెచ్చుకోలు మా బావ ఎలాగూ అడిగి మరీ పుచ్చుకుంటాడు. మీరు మాత్రం ఆ మేడమ్‌ను ఒక్కసారి తలుచుకోండి.