నెమలికంఠం గిటార్‌కు కొత్త టంకం

ఆ గురువారం ఉదయం డబ్బాలరాయుడు పెట్టుకున్నది ఒకే ఒక్క పని. కొట్లో ఉన్న నలభై ఒక్క డబ్బాలూ మూతలు తీసి, పనికొచ్చేవి ఉంచి, పనికిరానివి పారేయాలి. గిటార్లు బాగుచేసే మనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. పాతికేళ్ళుగా ఏ గిటార్ నుంచి ఏది ఊడినా, స్క్రూ కానీ తీగముక్క కానీ, డబ్బాలో వేసి మూత పెట్టడమే తప్ప పారేసి ఎరగడు. "ఆదివారంలోగా ఆ డబ్బాలైనా వెళ్ళాలి, నేనైనా వెళ్ళాలి" అని భార్య ముందురోజే తేల్చి చెప్పింది. ఆ మాట ఆవిడ ఏడాదికి రెండుసార్లు అంటుంది. ఈసారి మాత్రం అటక మీంచి సూట్‌కేసు కూడా దింపింది.

మొదటి డబ్బా మూత సగం తిరిగిందో లేదో, పొడుగాటి నల్లపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని బావగారు లోపలికి వచ్చారు.

బావగారంటే రాయుడి అక్కను చేసుకున్నాయన. రికార్డు ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి, ఏది అసలు కాగితమో ఏది నకలో కళ్ళజోడు లేకుండానే చెప్పేస్తారని పేరు తెచ్చుకుని రిటైరయ్యారు. "గిటార్లు బాగుచేస్తే కడుపు నిండుతుందా" అని చుట్టాలంతా వెటకారం చేస్తున్న రోజుల్లో, "వాడి చేతిలో పనుంది" అని రాయుడికి మొట్టమొదటి పనిముట్ల పెట్టె కొనిచ్చింది ఆయనే. అందుకే రాయుడికి బావగారంటే ప్రేమ. దానికంటే కాస్త ఎక్కువ భయం.

నల్లపెట్టెలో ఉన్నది నెమలికంఠం రంగు ఎలక్ట్రిక్ గిటార్. ఒకప్పుడు ఓ వెలుగు వెలిగిన విద్వాంసుడి సంతకాన్ని గిటార్ తల మీద అచ్చువేసి, ఒక కంపెనీ రెండేళ్ళపాటు చేసి ఆపేసిన రకం అది. ఇరవై రెండేళ్ళ కిందట బావగారు మూడేళ్ళ బోనస్సులు కూడబెట్టి కొన్నారు.

"ఆదివారం నాలుగింటికి విలువ కట్టే అమ్మాయి వస్తోంది. పాత గిటార్లు చూసి, ఏ ఏడు చేశారో, ఇప్పుడెంత పలుకుతాయో కాగితం మీద రాసిస్తుందట. నువ్వు కాస్త తుడిచి, తీగలు మార్చి ఇవ్వు" అన్నారు.

"అమ్మేస్తారా బావా?"

"అమ్మడమేమిటోయ్. నాతో వాకింగ్‌కు వచ్చే సర్వేయరు లేడూ, నిన్న నలుగురి ముందూ 'అది అసలుదైతే నీ దగ్గరెందుకుంటుంది' అన్నాడు. వాడి మొహాన ఆ కాగితం పెట్టాలి. దీనికి ఒక్క స్క్రూ కూడా మారలేదు. ఆ సంగతి నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

రాయుడు సగం తిప్పిన డబ్బా మూతను మళ్ళీ బిగించేశాడు.

నిజమే, ఆ సంగతి అతనికంటే బాగా ఎవరికీ తెలియదు. కొన్న మూడో వారంలోనే బావగారు గిటార్ పట్టుకొచ్చి, "ఏదో సన్నగా కూస్తోంది, చూడు. ఒక్క స్క్రూ కూడా మార్చకు సుమా" అన్నారు. రాయుడు విప్పి చూశాడు. తీగల కింద ఉండి వాటి చప్పుడును పట్టుకునే పికప్ దోమలా కూస్తోంది. తీగలు బిగించే బంగారు రంగు బిరడాలు రెండు పాటలకే జారిపోతున్నాయి. చప్పుడు పెంచి తగ్గించే నాబ్‌లు రెండూ వదులు. సంతకం పెట్టిన మహానుభావుడు దాన్ని ఒక్కసారైనా వాయించి చూశాడో లేదో మరి. బావగారేమో ఆ వారమే మొదటిసారి స్టేజీ ఎక్కాలి. రాయుడు రెండు రోజులు తటపటాయించి, చివరికి ఆరు బిరడాలూ, పికప్, నాబ్‌లూ తీసేసి, చూడటానికి అచ్చం అలాగే ఉండే మంచివి బిగించాడు. "ఏమీ మార్చలేదు కదా?" అని అడిగితే, "లేదు బావా, తుడిచానంతే" అన్నాడు. గిటార్ తేనెలా పలికింది. ఆ పలుకుతోనే బావగారు పదేళ్ళపాటు ఆఫీసు క్లబ్బులో చప్పట్లు కొట్టించుకున్నారు. అబద్ధం కూడా ఆయన పేరుతోపాటే పెరిగి పెద్దదైంది.

"ఆ అమ్మాయి విప్పి చూస్తుందంటారా?" అని రాయుడు మెల్లగా అడిగాడు.

"విప్పకుండా ఎలా? మెడ అడుగున పెన్సిలుతో తేదీ ఉంటుందట. ప్రతి భాగం వెనకా నంబరు చూస్తుందట" అని బావగారు హుషారుగా వెళ్ళిపోయారు.

ఇక చేయగలిగింది ఒకటే. పాతవన్నీ వెతికి తెచ్చి మళ్ళీ బిగించాలి. జన్మలో ఏదీ పారేయని రాయుడు ఎవరికైనా ఇచ్చేసినవి ఏవైనా ఉన్నాయంటే అవి ఆ తొమ్మిది ముక్కలే. కళ్ళముందు ఉంటే తప్పు గుర్తొస్తోందని వదిలించుకున్నాడు. బిరడాలు పళ్ళ డాక్టరు గిటార్‌కు వెళ్ళాయి. పికప్ బస్సు కండక్టరు గిటార్‌కు వెళ్ళింది. నాబ్‌లు రెండూ తన ఇంట్లో పొయ్యికే ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్నే క్లినిక్‌కు వెళ్ళాడు. డాక్టరుకు గిటార్ వాయించడం రాదు. పేషెంట్లకు ధైర్యంగా ఉంటుందని గోడకు తగిలించుకున్నాడు.

"మీ బిరడాలు తీసేసి కొత్తవి వేస్తాను డాక్టరుగారూ. ఊరికే."

"బాగానే ఉన్నాయిగా. ఎందుకు పీకడం?"

"పైకి అలాగే ఉంటాయండీ. లోపల పుచ్చి ఉండొచ్చు."

రోజుకు ఇరవైసార్లు తను చెప్పే మాటే ఎదుటివాడి నోట వినేసరికి డాక్టరుకు అనుమానం వచ్చింది. ఊరికే ఎవరూ ఏదీ పీకరని ఆయన అనుభవం. ఏడాది గ్యారంటీ రాసిస్తే తప్ప గిటార్ గోడ మీంచి దించనివ్వలేదు.

మధ్యాహ్నం బస్సు డిపోలో కండక్టరు దొరికాడు. రాయుడు బావగారి గిటార్‌లోంచి తీసిన మంచి పికప్‌ను అతని దానికి బిగించి, పాతది జేబులో వేసుకున్నాడు. కండక్టరు స్పీకరుకు తగిలించి ఒక తీగ మీటి, అలాగే ఉండిపోయాడు.

"కూత లేదేంటండీ?"

"ఏం కూత?"

"ఇన్నేళ్ళూ బస్సు మోతకి నా చెవులే పోయాయనుకున్నాను. చెవుల డాక్టరు దగ్గర ఎనిమిది నెలలు మందు వాడాను."

రాయుడికి అతని మొహంలోకి చూడటానికి మొహం చెల్లలేదు. ఇంటికొచ్చి చడీచప్పుడూ లేకుండా పొయ్యి నాబ్‌లు పీకేశాడు. ఆ సాయంత్రం భార్య పట్టకారుతో పొయ్యి వెలిగిస్తూ, "డబ్బాలు ఖాళీ చెయ్యమంటే ఇల్లు ఖాళీ చేస్తున్నారేంటండీ?" అంది.

కండక్టరు ఏ సంగతీ కడుపులో దాచుకోలేడు. ఎక్కిన ప్రతి మనిషికీ టిక్కెట్టుతోపాటు ఆ కబురూ ఇచ్చాడు. డాక్టరు తన కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళకు చెప్పాడు. వాళ్ళకు ఎదురు ప్రశ్న వేసే వీలు లేదు. శనివారం పదయ్యేసరికి కొట్టు ముందు వరస కట్టారు. పాత సామాను తీసుకుని కొత్తది ఊరికే ఇస్తున్నాడని ఒకరు, పాతదాంట్లో బంగారం ఉందట అని ఒకరు. గిటార్లు సరే, రెండు వయొలిన్లూ ఒక కుట్టుమిషనూ కూడా వచ్చాయి. రాయుడు షట్టరు సగం దించి, టంకం వేసి, సాయంత్రానికి తొమ్మిది ముక్కలూ యథాస్థానంలో బిగించాడు.

అమ్మయ్య అనుకునేలోపు బావగారు ఫోన్ చేశారు. "నీ కొట్టు దగ్గర జనం సంగతి విన్నానోయ్. నా గిటార్ మీద ఊళ్ళో ఇంత ఆసక్తి ఉందనుకోలేదు. ఆ కబురు మోసిన పళ్ళ డాక్టరునీ, కండక్టరునీ కూడా రేపు ఇంటికి రమ్మన్నాను. నలుగురి ముందే తేలిపోవాలి."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో రాయుడికి ఆ పూట అనుభవమైంది.

ఆదివారం నాలుగింటికి అక్కావాళ్ళ ముందుగది నిండిపోయింది. ముందు కుర్చీలో సర్వేయరు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. విలువ కట్టే అమ్మాయి పొదుపుగా మాట్లాడే మనిషి. చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుని, బల్ల మీద గుడ్డ పరిచి, చిన్న అద్దం, టార్చిలైటు తీసి పని మొదలుపెట్టింది. మెడ విప్పి అడుగున చూసి, "నంబరు డెబ్బై మూడు. తేదీ సరిపోయింది" అంది. బావగారు సర్వేయరు వైపు చూశారు. "బిరడాలు ఆ కంపెనీవే. ఇవి దొరకడం చాలా కష్టం" అంది. బావగారు మళ్ళీ చూశారు. తర్వాత ఆ అమ్మాయి లోపలికి వంగి, ఒక్క క్షణం ఆగి, ముక్కుతో గాలి పీల్చింది.

"సార్, దీన్ని ఈమధ్య ఎవరైనా విప్పారా? టంకం కొత్తగా మెరుస్తోంది."

"మా బావమరిది తప్ప ఎవరూ ముట్టలేదమ్మా. వాడు తీగలు మార్చాడంతే."

పళ్ళ డాక్టరు లేచి కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఒక్క నిమిషం. ఆ మూడో బిరడా మీద అడ్డంగా గీత ఉందా?"

"ఉంది."

"నా ఉంగరం గీసుకుని పడిన గీత అది. అవి మా క్లినిక్ గోడ మీదవి."

"అయితే ఆ పికప్ అడుగున కూడా చూడండి మేడమ్" అన్నాడు కండక్టరు. "పోయినేడాది ఎత్తు చాలక నేనో టిక్కెట్టు మడిచి పెట్టాను."

ఆ అమ్మాయి పికప్ ఎత్తి, అడుగున అతుక్కుపోయిన బస్సు టిక్కెట్టును పట్టకారుతో బయటికి తీసింది. హడావిడిలో రాయుడు దాన్ని చూడనే లేదు. తర్వాత నాబ్‌లు వాసన చూసి, "వీటికి వంటనూనె అంటింది" అంది. రాయుడి భార్య మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు సంజాయిషీ తర్వాత ఇంట్లో చెప్పుకోవాలి.

సర్వేయరు తాపీగా నవ్వాడు. "ముప్పై ఏళ్ళు అసలూ నకలూ తేల్చిన మనిషి. ఊళ్ళోవాళ్ళ సామాను పట్టుకొచ్చి తగిలించుకుని, అసలుదని కాగితం రాయించుకుంటున్నాడన్నమాట."

బావగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. "నాకేమీ తెలియదు" అన్నారు. ఆయన ఎవరికైనా సంజాయిషీ చెప్పుకోవడం రాయుడు ఎప్పుడూ చూడలేదు. "ఇవి నావే. ఎలాగో నాకు తెలియదు కానీ నావే. మా వాణ్ణి అడగండి. వాడు అబద్ధం ఆడడు."

కొట్టినా తిట్టినా రాయుడు పడేవాడు కానీ, ఆ నమ్మకాన్ని మాత్రం భరించలేకపోయాడు.

"నేనే మార్చాను బావా" అన్నాడు. "ఇరవై రెండేళ్ళ కిందటే. అన్నీ మీవే. వీళ్ళకి ఇచ్చింది నేను, మొన్న తెచ్చి నిన్న బిగించింది నేను. బావగారికి ఇందులో ఏ పాపం తెలియదు" అని సర్వేయరు వైపు తిరిగి గట్టిగా చెప్పాడు.

బావగారు మెల్లగా కూర్చున్నారు.

"ఎంతమంది ముందు నీ మీద ఒట్టేసి చెప్పానో తెలుసా?"

"తెలుసు బావా."

"ఒక్కమాట నాతో చెప్పి ఉంటే ఏం పోయేది?"

"చెబితే మార్చనిచ్చేవారా?"

బావగారు నిజాయితీగా ఆలోచించారు. "ఇచ్చేవాణ్ణి కాదు" అన్నారు.

విలువ కట్టే అమ్మాయి గొంతు సవరించుకుంది. "ఏదీ ముట్టకుండా ఉంచి ఉంటే చిన్న కారు ధర పలికేది సార్. ఆయన మార్చినట్టే ఉండి ఉంటే సైకిల్ ధర. ఇప్పుడు అసలువన్నీ తిరిగొచ్చాయి. కొత్త టంకానికి కొంత తగ్గించి, స్కూటర్ ధర రాస్తాను."

సర్వేయరు కాలు మీంచి కాలు తీశాడు. స్కూటరైనా తక్కువేమీ కాదు.

"రాసేముందు ఒకసారి వింటానమ్మా" అని బావగారు గిటార్ ఒళ్ళోకి తీసుకున్నారు. స్పీకరుకు తగిలించగానే దోమ కూత మొదలైంది. ఆయనకు బాగా చేతనైన పాట ఎత్తుకున్నారు. మూడో చరణం దగ్గరికి వచ్చేసరికి రెండు తీగలు జారి, పాట ఎటో వెళ్ళిపోయింది. అందరూ మర్యాదగా నేల చూపులు చూశారు.

"దీని అసలు గొంతు ఇదా?"

"ఇదే సార్" అంది ఆ అమ్మాయి. "అందుకే రెండేళ్ళకే ఆపేశారు."

"అయితే క్లబ్బులో వాళ్ళంతా చప్పట్లు కొట్టింది నాకు కాదన్నమాట."

"మీకే బావా" అన్నాడు రాయుడు. "పికప్ దానంతట అది పాట మీటదు కదా."

బావగారు కళ్ళజోడు తీసి, అవసరం కంటే ఎక్కువసేపు తుడిచారు. రాయుడి చేతుల వైపు చూశారు. ఆ చేతుల్లో పనుందని మొదట చెప్పింది తనేనన్న సంగతి ఆయనకు గుర్తొచ్చినట్టుంది. గిటార్ తీసి రాయుడి ఒళ్ళో పెట్టి, "స్కూటర్ వద్దమ్మా. సైకిలే రాయి. వీడు రేపు మళ్ళీ పాడుచేస్తాడు" అన్నారు.

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. కండక్టరు మాత్రం "నా కూత లేని పికప్ నేనివ్వను" అని లేచాడు. తన డబ్బాల్లో దానికంటే మంచివి మూడున్నాయని రాయుడు చెప్పాక గానీ కూర్చోలేదు. అది విని భార్య, సూట్‌కేసు మళ్ళీ అటకెక్కించాలని గ్రహించింది.

సోమవారం పొద్దున రాయుడు గిటార్ విప్పాడు. బావగారి దగ్గర ఇక చిన్న అబద్ధం కూడా ఉండకూడదని గట్టిగా నిశ్చయించుకుని ఫోన్ చేశాడు. "బావా, మొదటి బిరడా తీస్తున్నాను." అయిదు నిమిషాలకు, "బావా, రెండోదాని స్క్రూకి తుప్పుంది, మార్చమంటారా?" మరో అయిదు నిమిషాలకు, "బావా, ఎర్ర వైరు అయిపోయింది, నల్లది వేస్తే ఏమీ అనుకోరుగా?" పదకొండో ఫోన్‌కు బావగారు కంచం ముందు కూర్చుని ఉన్నారు.

"చూడవోయ్" అన్నారు, "ఏమీ మార్చలేదని చెప్పి ఫోన్ పెట్టెయ్."