విహారయాత్రా ప్రస్థాన మహోత్సవం

ఈ వ్యవహారంలో తప్పంతా చక్రిది. పటమటలో మోటార్లూ పైపులూ అమ్ముకునే వెంకటసుబ్బారావు ఈ మాట అడిగినవాళ్లకు చెబుతాడు, అడగనివాళ్లకు ఇంకాస్త వివరంగా చెబుతాడు. చక్రి అతనికి స్వయానా బావమరిది. వృత్తి ఈవెంట్లు. అంటే, ఎదుటివాళ్లింట్లో ఏ శుభం జరిగినా అది వాళ్లకు పదేళ్లపాటు గుర్తుండేలా ఖర్చుపెట్టించడం. ఎనిమిదో తరగతిలో బడి మానేసి రెంచీ పట్టుకున్న సుబ్బారావుకు, ఎంబీఏ చదివిన బావమరిది మాట కాదనే ధైర్యం పెళ్లయిన నాటి నుంచీ లేదు. ఆ సంగతి చక్రికి తెలుసు. తెలిసినా పాపం ఎప్పుడూ పైకి అనలేదు. బిల్లులు మాత్రం పంపేవాడు.

అసలు మొదలు ఒక సీరియల్. ఆ వేసవంతా సుబ్బారావు భార్య శివపార్వతీ, కూతురు అక్షయా టీవీ ముందు నుంచి లేవకుండా ఒక విదేశీ సీరియల్ చూశారు. తెలుగు డబ్బింగు. సముద్రం మధ్య దీవి, దీవిలో రిసార్టు, రిసార్టులో కోటీశ్వరులు. ఆ కోటీశ్వరులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పళ్లరసాలు తాగుతారు. మొగుళ్లు పెళ్లాల్ని మోసం చేస్తారు, పెళ్లాలు పనివాళ్లను ఏడిపిస్తారు, పిల్లలు అందర్నీ అసహ్యించుకుంటారు, వారానికొకరు చచ్చిపోతారు. డబ్బున్నవాళ్ల బతుకు ఎంత రోతగా ఉంటుందో చూపించడానికే దాన్ని తీశారని చదువుకున్నవాళ్లు అంటారు. తల్లీకూతుళ్లు అంత లోతుకు పోలేదు. కొలను పక్కన పడక్కుర్చీలు ఏ రంగువో, తువ్వాళ్లను హంసల్లా ఎలా మడత పెట్టారో చూసుకున్నారు. చావులు తీసేస్తే చాలా మంచి కుటుంబ కథ అని శివపార్వతి అభిప్రాయపడింది.

ఆ ఆదివారం భోజనాల బల్ల దగ్గర కమిటీ సమావేశమైంది. అధ్యక్షురాలు శివపార్వతి, కార్యదర్శి అక్షయ, ప్రత్యేక ఆహ్వానితుడు చక్రి. సుబ్బారావుకు ఆర్థిక శాఖ ఇచ్చారు. టికెట్లతో సహా, చక్రిని కలుపుకుని నలుగురికీ అయిదు రోజుల ప్యాకేజీ తొమ్మిది లక్షలని కార్యదర్శి నివేదిక సమర్పించింది. తరవాత పాత్రల పంపిణీ జరిగింది. పెద్ద టోపీ పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడని ఇల్లాలు శివపార్వతి. అన్నిటిమీదా విసుగెత్తిన పిల్ల అక్షయ.

"మరి నేనెవర్నే?" అన్నాడు సుబ్బారావు.

"ఒడ్డున కూర్చుని దూరంగా చూస్తుంటాడే బట్టతలాయన, నువ్వు ఆయనవి నాన్నా."

"ఆయన చచ్చిపోతాడు కదే!"

"నాలుగో ఎపిసోడ్ దాకా బానే ఉంటాడుగా."

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. మిగిలింది తొమ్మిది లక్షలు ఎక్కణ్నుంచి తేవాలన్న చిన్న విషయం. అందరూ సుబ్బారావు వైపు చూశారు. సుబ్బారావు పెరుగన్నం వైపు చూశాడు. ఎందుకంటే అతని దగ్గర అమ్మదగ్గది ఒకటే ఉందని ఆ బల్ల దగ్గర అందరికీ తెలుసు.

పామర్రుకు నాలుగు కిలోమీటర్ల అవతల, రోడ్డు లేని చోట, అరవై రెండు సెంట్ల మాగాణి. తండ్రి ఇచ్చిన నాలుగెకరాల్లో ఒకటి మోటార్ల కొట్టుకు పోయింది, ఒకటి ఫ్లాటుకు పోయింది, అక్షయ ఇంజినీరింగు సీటు ఒక దాన్ని మింగింది, మిగిలినదాన్లో కొంత ఇంటీరియర్ డెకరేషన్ పేరుతో సీలింగుకు అంటుకుపోయింది. ఈ ముక్క మాత్రం ఉంది. దాన్ని పదకొండేళ్లుగా యేసుకుమార్ కౌలుకు చేస్తున్నాడు. సుబ్బారావు నెలకోసారి స్కూటర్ మీద వెళ్లి, చెప్పులు విడిచి, గట్టు మీద పది నిమిషాలు నిలబడి వచ్చేసేవాడు. అక్కడ అతనికి పనేమీ లేదు. ఆ పది నిమిషాలూ ఎవరూ అతనికి ఏమీ చెప్పరు, అంతే.

"అది అమ్మను" అన్నాడు. తన పెళ్లయ్యాక ఆ ఇంట్లో అతను కాదంటూ అన్న మొదటి పూర్తి వాక్యం అదే.

శివపార్వతి గొడవ చెయ్యలేదు. మర్నాటి నుంచి పెద్ద టోపీ పెట్టుకుని వంట చెయ్యడం మొదలుపెట్టింది. టోపీతోనే పప్పు తాలింపు, టోపీతోనే పాలవాడి దగ్గర పాలు, టోపీతోనే మౌనం. పన్నెండో రోజున నోరు విప్పింది.

"ఇరవై నాలుగేళ్ల కాపురంలో నన్ను మనూరి భవానీ ఐలాండ్ దాటించారండీ మీరు? చెప్పండి, దాటించారా?"

సుబ్బారావు ఆలోచించాడు. భవానీ ఐలాండ్ దాకా కూడా ఆవిడ తమ్ముడే తీసుకెళ్లాడు. ఆ సాయంత్రమే యేసుకుమార్‌కు ఫోన్ చేశాడు.

యేసుకుమార్ భార్య అమలమ్మ తొమ్మిదేళ్లుగా కువైట్‌లో ఒక షేకు ఇంట్లో వంట చేస్తోంది. డబ్బు ఉంది. సెంటు ముప్పై వేల చొప్పున పద్దెనిమిది లక్షల అరవై వేలకు బేరం కుదిరింది.

"ఏం అవసరం వచ్చిందండీ, ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాలేదా?" అని అడిగాడు యేసుకుమార్.

"కాదు. సముద్రం ఒడ్డున పడక్కుర్చీల్లో పడుకోడానికి."

యేసుకుమార్ నవ్వలేదు. "మా ఆవిడుండే చోట అలాంటివి పాతిక ఉన్నాయంటండీ. రోజూ పొద్దున్నే తనే తుడుస్తదంట. ఒక్కరూ పడుకోరంట. పోనీ, ఇంకోపాలి ఆలోచించుకోండి. నాకు తొందరేం లేదు."

తొందర శివపార్వతికి ఉంది. రిజిస్ట్రేషన్ అయిపోయింది.

తొమ్మిది లక్షలు రిసార్టుకు, తక్కిన తొమ్మిది లక్షల అరవై వేలు బ్యాంకులో. ఇదీ సుబ్బారావు లెక్క. ఎనిమిదో తరగతి లెక్క. ఎంబీఏ వాళ్ల లెక్క వేరే ఉంటుంది.

"బావా, నువ్వు ఓ సంగతి మర్చిపోతున్నావు" అన్నాడు చక్రి. "రిసార్టుకి వెళ్తే ఎవడు చూస్తాడు? అక్కడ ఉండేది మనకు తెలీనోళ్లు. వెళ్లేటప్పుడు కదా చూసేది! సీరియల్లో పడవ కదులుతుంటే పనివాళ్లంతా వరసగా నిలబడి చేతులూపుతారు, చూశావా? మరి పటమటలో మనకి చెయ్యూపేదెవరు?"

చెయ్యూపడానికి ఆరువందల మందిని పిలిచారు.

కార్డులు అచ్చయ్యాయి. 'మా కుటుంబ విదేశీ విహారయాత్రా ప్రస్థాన మహోత్సవమునకు తామెల్లరు సకుటుంబ సమేతముగా విచ్చేసి, చేతులూపి, మమ్ము సాగనంపి, మదర్పిత విందు స్వీకరింప ప్రార్థన.' కింద పెద్దల పేర్లు వరసగా. అట్టడుగున 'కానుకలు స్వీకరింపబడవు' అని చక్రి తన సొంత తెలివితో చేర్చాడు, కోటీశ్వరులు కానుకలు పుచ్చుకోరట. ఇరవై నాలుగేళ్లుగా ఊళ్లో ప్రతి పెళ్లికీ ప్రతి ఓణీల ఫంక్షనుకీ కవరు పట్టుకెళ్లిన సుబ్బారావు ఆ ఒక్క లైనును చాలాసేపు చదివాడు.

యాత్రకు ముందు ఫోటోలు కావాలన్నారు. కరకట్ట మీద డ్రోను ఎగరేసి, పామర్రు కాలువలో పడవ వేసి, శివపార్వతిని టోపీతో కూర్చోబెట్టి తీశారు. గుర్రపుడెక్క మొక్కల మధ్యలో పడవ కదలకపోతే సుబ్బారావు మోకాలిలోతు నీళ్లలోకి దిగి నెట్టాడు. ఫోటోలో అతన్ని చెరిపేసి ఆ చోట డాల్ఫిన్ పెట్టారు. అదే ఫోటో పటమట సెంటర్లో ఇరవై అడుగుల ఫ్లెక్సీ అయింది.

పంచాంగం చూసిన బ్రహ్మగారు పొద్దున పదకొండూ నలభై రెండుకు ముహూర్తం పెట్టారు. విమానం సాయంత్రం ఆరింటికి. కనక ముహూర్తానికి నలుగురూ సూటుకేసులతో ఫంక్షన్ హాలు గుమ్మం దాటాలి, సూటుకేసులు బయట పెట్టాలి, మళ్లీ లోపలికొచ్చి భోంచెయ్యాలి. శాస్త్రమూ చెడలేదు, భోజనమూ చెడలేదు. కూచిపూడి నుంచి నాట్య బృందాన్ని పిలిపించారు. రిసార్టు మీద కీర్తనలేవీ లేవని వాళ్లు సందేహిస్తే, కృష్ణుడి జలక్రీడలు ఆడెయ్యమన్నాడు చక్రి. "అది కూడా పూల్ సైడే కదండీ!"

అపార్టుమెంటు సంఘం అధ్యక్షురాలు సీతారావమ్మగారు మైకు అందుకున్నారు.

"సభకు నమస్కారం. ఇవాళ వెళ్తున్నది సుబ్బారావుగారి కుటుంబం కాదండీ, మన అపార్టుమెంటు! వారు అక్కడ పడుకునే ప్రతి పడక్కుర్చీలోనూ మనందరం పడుకున్నట్టే! కష్టపడి సంపాదించి కూడబెట్టుకునేవాళ్లను మనం చాలామందిని చూశాం. కూడబెట్టకుండా ఉండటానికి గుండె కావాలి. ఆ గుండె సుబ్బారావుగారికి ఉంది. వారి మెయింటెనెన్స్ బకాయి విషయం ఈ శుభసమయంలో నేను ఎత్తను."

చప్పట్లు మోగాయి. పక్కన కూర్చున్న మూడో అంతస్తు ఆయన సుబ్బారావు చెవిలో, "మేం దసరాకి స్విట్జర్లాండ్ అనుకుంటున్నామండీ, ఎనిమిదొందల మందిని" అన్నాడు.

గుత్తి వంకాయ, పనసపొట్టు కూర, రెండు బిర్యానీలు, మూడు రకాల ఐస్‌క్రీములు. మూడున్నరకు పూలు కట్టిన కారు కదిలింది. ఆరువందల మందీ రోడ్డు మీద నిలబడి చేతులూపారు. ట్రాఫిక్ ఆగిపోయింది. తను నిజంగానే గొప్పవాడైపోయినట్టు సుబ్బారావుకు కూడా ఒక్క క్షణం అనిపించింది.

ముప్పావుగంట తరవాత కిటికీలోంచి చూసి అన్నాడు:

"ఒరేయ్ చక్రీ, ఎయిర్‌పోర్టు దాటిపోయాం."

"దాటాం బావా."

"దాటామేంట్రా?"

చక్రి ముందు సీట్లోంచి వెనక్కి తిరక్కుండా చెప్పాడు. ప్యాకేజీకి అడ్వాన్సు లక్ష మాత్రమే కట్టారు. మిగతాది మొన్నటికల్లా కట్టాలి. మొన్న హాలుకూ, వంటవాళ్లకూ, పూలకూ, డ్రోనుకూ కట్టారు. ప్యాకేజీ రద్దయింది, అడ్వాన్సు తిరిగి రాదు.

"వెనక్కి తిప్పు" అంది శివపార్వతి.

"వెనక్కా? ఆరువందల మంది చెయ్యూపారక్కా! అయిదు రోజులు గడవకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్తావే?"

అందులో న్యాయం ఉందని కమిటీ గుర్తించింది. హనుమాన్ జంక్షన్‌లో ఏసీ లాడ్జి, నలుగురికీ ఒకటే గది. ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారని కిటికీ తియ్యలేదు. అక్షయ కాలువ ఫోటోలు ఒక్కొక్కటే సముద్రం ఫోటోలుగా ఫోన్లో స్టేటస్ పెట్టింది. మిగతా సమయమంతా నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, కింద కొట్లో తెచ్చిన పళ్లరసాలు తాగారు. ఆ విధంగా సీరియల్లో చూసిన జీవితం వాళ్లకు యథాతథంగా దక్కింది.

నాలుగో రోజు సుబ్బారావు తలకు తువ్వాలు చుట్టుకుని, గుడివాడ మీదుగా బస్సులు మారి పామర్రు పోయాడు. అలవాటు ప్రకారం గట్టు దగ్గర చెప్పులు విడిచాడు. విడిచాక, ఎక్కొచ్చో లేదో తెలియక కిందే నిలబడ్డాడు.

నీళ్లు కడుతున్న యేసుకుమార్ తలెత్తాడు. "సుబ్బారావుగారా? విదేశం వెళ్లారన్నారే!"

"వెళ్లాను" అన్నాడు సుబ్బారావు.

యేసుకుమార్ పక్కకు జరిగి చోటిచ్చాడు. "రండి, పైకి రండి. పర్లేదు."

చేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో పోయిందని అందరూ అనుకుంటారు. పోయింది అక్కడ కాదు. ఆ 'రండి' దగ్గర పోయింది. సుబ్బారావు గట్టెక్కలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు దాకా నడిచాడు.

ఆరో రోజున కుటుంబం పటమటలో విజయవంతంగా దిగింది. సముద్రం ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. దీవి పేరేమిటని అడగలేదు. శివపార్వతి నాలుగు రాత్రులు కూర్చుని కంఠతా పట్టిన సమాధానాలన్నీ వృథా అయిపోయాయి. పనసపొట్టులో ఆవ ఘాటు తగ్గిందనీ, రెండో బంతికి ఐస్‌క్రీము అందలేదనీ మాత్రం లిఫ్టులో చాలామంది చెప్పారు. మూడో అంతస్తువాళ్ల స్విట్జర్లాండ్ కార్డులు అచ్చుకు వెళ్లాయి. ఈవెంటు చక్రిదే.

సుబ్బారావు తప్పంతా చక్రిదే అంటాడని మొదటే చెప్పాను. నేను అంత దూరం పోను. రిజిస్ట్రేషన్ కాగితం ప్రకారం పోయింది అరవై రెండు సెంట్లు, గజాల్లో మూడువేలు. క్యాటరింగువాళ్ల పళ్లేల లెక్క ప్రకారం తిన్నది ఆరువందల మంది. తలకు అయిదు గజాలు. ఆ విందుకు మీరూ, మీ ఆవిడా, పిల్లలిద్దరూ వచ్చారు కనక, ఆ అరవై రెండు సెంట్లలో మీ ఇంటివాళ్లు తిన్నది ఇరవై గజాలు.