గద్వాల మీదుగా పక్కింటికి

ఇంగ్లీషువాడు మనకు ఇచ్చిపోయిన వాటిలో రైలు గొప్పదా, చాయ్ గొప్పదా అని కొట్టుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అయ్యా, రెండూ కాదు! 'త్రూ' గొప్పది.

బడిలో పంతుళ్లు ఈ మాటకు 'గుండా' అని అర్థం చెబుతారు. కిటికీ గుండా వెలుతురు, అడవి గుండా బాట. పాపం, వాళ్ల త్రూలో మనిషే లేడు! మా వనపర్తి వైపు త్రూ అంటే మనిషి. మీకూ మీ పనికీ నడుమ నిలబడి, మిమ్మల్ని "మనోడే" అనేవాడు. పిల్లను కాలేజీలో చేర్చాలన్నా త్రూ కావాలి, సోమశిలలో పడవెక్కాలన్నా కావాలి, మటన్ దుకాణంలో బొక్క లేని ముక్క పడాలన్నా కావాలి. దేవుడి దగ్గరికి మాత్రం నేరుగా పోతున్నామా? పూజారి త్రూ, పాస్టరు త్రూ! అలాంటిది ఒట్టి చేతులతో, ఒక్కడివే పోయి పని అడగడమంటే పిలవని పెండ్లికి పోయి ముందు వరుసలో కూర్చోవడమే.

పాన్‌గల్ దగ్గరి ఒక పల్లెలో భీమయ్య అనే రైతున్నాడు. ఈ మర్యాద బాగా తెలిసినవాడు. పుట్టుకతో వచ్చింది కాదు, నేర్చుకున్నాడు. ఒకప్పుడు తల్లికి కడుపునొప్పి వస్తే దవాఖానకు తీసుకుపోయి, అమాయకంగా వరుసలో కూర్చున్నాడు. వెనక వచ్చినవాళ్లంతా ఎవరెవరి పేర్లో చెప్పి లోపలికి పోతున్నారు. ఆ ముసలామె పొద్దుగూకేదాకా బల్ల మీద మూలుగుతూనే ఉంది. ఆనాటి నుంచి భీమయ్య గొర్రెపిల్లను కొనాలన్నా నేరుగా పోడు.

ఈ యాసంగిలో అతని బోరు దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పల్లి చేను సరిగ్గా ఊడలు నేలలోకి దిగే అదనులో ఉంది. ఇప్పుడు తడి అందకపోతే చేతికొచ్చేది ఆకే, కాయ కాదు. ఇల్లు గడవాలన్నా, ట్రాక్టరు అప్పు తీరాలన్నా ఆ చేనే ఆధారం.

లైన్‌మన్ సతీష్‌ది పక్కిల్లే. నడుమ ఒక గోడ. సతీష్ పండ్లు తోముకుంటే భీమయ్య ఇంట్లో వినిపిస్తుంది.

"గోడ మీదికెళ్లి ఒక్క మాట చెప్పరాదు?" అంది భార్య యాదమ్మ.

"గట్ల అడుగుతె పనైతదా? పిచ్చిదానివా ఏంది," అన్నాడు భీమయ్య.

వనపర్తి పోయి ఎరువుల దుకాణం రామచంద్రయ్యను కలిశాడు. ఆయన సావధానంగా విని, "కరెంటు పనంటె గద్వాల బాలకృష్ణ సారే. ఆయన చెప్పిండంటె అయితది. నా పేరు చెప్పు," అన్నాడు. చూశారా, త్రూకు కూడా త్రూ! తీరా బాలకృష్ణ నాగర్‌కర్నూలులో ఏదో పెండ్లికి పోయి ఉన్నాడు. ఆ పెండ్లి అయ్యేదాకా చేను ఎండలోనే నిలబడింది.

చివరికి గద్వాల బస్సెక్కితే పక్క సీట్లో సతీష్ కనిపించాడు.

"యాడికి కాక?" అన్నాడు సతీష్.

"గిట్లనే, బీచుపల్లి హనుమంతునికి మొక్కున్నది. నువ్వు?"

"నాకు గూడ గాడనే మొక్కు."

దారిలో బీచుపల్లి వచ్చింది. వాడు దిగుతాడేమోనని వీడు, వీడు దిగుతాడేమోనని వాడు చూసుకున్నారు. ఇద్దరూ కూర్చున్నచోటి నుంచే హనుమంతుడికి దండం పెట్టి, గద్వాలలో దిగి, వేర్వేరు సందుల్లో నడిచి, బాలకృష్ణ ఇంటి ముందు ఒకే బల్ల మీద తేలారు.

బాలకృష్ణ బయటికి వచ్చాడు. "రా భీమయ్యా, రామచంద్రయ్య ఫోన్ చేసిండు. ఇగో, గీ సతీష్ మీ దిక్కు లైన్‌మనే. మనోడే. సతీష్, ట్రాన్స్‌ఫార్మర్ తేనీకి ట్రాక్టర్ గావాలంటివి గద. భీమయ్యకున్నది. ఈయన గూడ మనోడే."

సంగతేమిటంటే, మారు ట్రాన్స్‌ఫార్మర్ వనపర్తిలో సిద్ధంగానే ఉంది. తేవడానికి బండి లేదు. గోడకు అవతలే భీమయ్య ట్రాక్టరుంది. నేరుగా అడిగితే బాగుండదని సతీష్ కూడా త్రూ వెతుక్కుంటూ వచ్చాడు!

ఇద్దరూ లేచి, అప్పుడే పరిచయమైనట్టు ఒకరికొకరు నమస్కారం పెట్టుకున్నారు. బాలకృష్ణకు ఆనందంతో కళ్లు చెమ్మగిల్లాయి. ఆయనే లేకపోతే వీళ్లిద్దరూ ఈ జన్మలో కలిసేవారా?

మర్నాడే మోటరు నడిచింది, నీళ్లు పారాయి. అప్పటికే సగం చేను మాడిపోయింది. యాదమ్మ ఒక మొక్క పీకి చూసి, గట్టు మీద కూలబడి ఏడ్చింది. భీమయ్యకు మొదటిసారి తన మర్యాద మీద తనకే కోపం వచ్చింది. ఇక ఎవరి కాళ్లూ పట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడు.

అందుకే మొన్న గాలివానకు ఇంటి సర్వీసు తీగ తెగినప్పుడు వనపర్తి పోలేదు, గద్వాల పోలేదు. సరాసరి సతీష్ గడప ముందు నిలబడి, "సతీష్, మా ఇంట్ల కరెంట్ లేదు. జర చూస్తవా?" అన్నాడు.

సతీష్ మంచివాడు, కాదనలేదు. భీమయ్య వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని వీధిలోకి తొంగి చూశాడు. ఎవరూ లేరు.

"చూస్త కాక, చూడకేం," అన్నాడు. "బాలకృష్ణ సార్‌తోని ఒక ఫోన్ చేపియ్యరాదు? ఉత్తగ నువ్వే చెప్తె నాకు యాదికుండదు."