పళ్ళ మూట

ఎండెక్కేలోగా సీతాఫలాలు అమ్మేయడం దేవుళ్లు వంతు, కూతురిని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం భార్య రాజేశ్వరి వంతు. ఆ ఉదయం ప్లాను అంతే. సాయిలక్ష్మికి పన్నెండేళ్ళొచ్చినా పైన ముందు పన్ను రాలేదు. బళ్ళో నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నిన్న క్లినిక్కులో ఎక్స్‌రే తీసి పెట్టారు; డాక్టరేమో విశాఖపట్నం నుంచి వారానికోసారే వస్తాడు.

బస్టాండు దగ్గర దేవుళ్లు బండి మీద గంపలు సర్దుతుండగా ఫోను మోగింది.

"దేవుళ్లు గారాండీ? మున్సిపల్ ఆఫీసు..." అంది ఒక ఆడగొంతు. "పక్కనున్న క్లినిక్కండీ" అన్న ముక్కను పాడేరు బస్సు హారను మింగేసింది. "పన్ను లోపలే ఆగిపోయిందండీ. పళ్ళ మూట అడ్డం కూచుంది. అది తీసేస్తేగానీ పన్ను రాదు. ఈరోజే తీసేస్తాం."

ఆ తర్వాతి మాట "భయపడకండి". అది వినకుండానే దేవుళ్లు ఫోను పెట్టేశాడు.

బండిని ఇంటికి తోసిన వేగానికి వెనకాల తరుముతున్న కుక్కలే ఆయాసపడి కూచున్నాయట. గంపలన్నీ పక్కింటి అప్పయ్యమ్మ అరుగెక్కాయి.

"అత్తా, పన్ను కట్టనేదని మున్సిపాలిటోళ్ళు పళ్ళట్టుకుపోతన్నారు. ఎవులడిగినా పళ్ళు లేవని సెప్పు."

"నాకు పళ్ళు లేవని ఊరందరికీ తెలుసు గదరా!" అంది బోసినోటి అప్పయ్యమ్మ.

ఈ కబురు వీధి చివరకు చేరేసరికి "పళ్ళట్టుకుపోతన్నారు" కాస్తా "పళ్ళు పీకేత్తన్నారు" అయింది. కట్టుడు పళ్ళ కన్నారావు మాష్టారు సెట్టు తీసి బియ్యం డబ్బాలో దాచి, తలుపు గడియ పెట్టుకున్నారు.

గుమ్మంలో రాజేశ్వరి, సాయిలక్ష్మి బయల్దేరుతున్నారు. దేవుళ్లు అడ్డం నిలబడ్డాడు.

"మున్సిపాలిటీ వైపు ఎల్లొద్దు! మనల్నే ఎతుకుతన్నారు."

"నానా, డాక్టరు గారు ఎల్లిపోతారు! మళ్ళీ వారం దాకా రారు" అంటూ సాయిలక్ష్మి ఏడుపందుకుంది.

ఫోను మళ్ళీ మోగింది. "ఇంకా రాలేదేంటండీ? పళ్ళ మూట..."

"మా ఇంట్లో పళ్ళే లేవండీ!"

"అదేంటండీ? నిన్న ఎక్స్‌రేలో కనపడ్డాయి కదా!"

"మా ఇంటికి ఎక్స్‌రే కూడా తీసేసేరేటి!" అంటూ దేవుళ్లు చతికిలబడ్డాడు. సాయిలక్ష్మి ఫోను లాక్కుంది. ఒక్క నిమిషం విని, ఏడుపు మధ్యలోనే పకపకా నవ్వింది. ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

అసలు పన్నుకు దారివ్వకుండా చిగుళ్ళలో బియ్యపు నూకల్లాంటి బుల్లి పళ్ళు గుత్తిగా పెరిగాయట; పళ్ళ మూటంటే అదే. ముగ్గురూ క్లినిక్కుకి పరిగెత్తారు. క్యాన్సరేమీ కాదు, ఉత్త గడ్డేనన్నాడు డాక్టరు. తీసేసి, ఆ బుల్లి పళ్ళను చిన్న సీసాలో పోసి ఇచ్చాడు.

"ఇంక దారి దొరికింది. పన్ను దానంతటదే మెల్లగా దిగుతుంది."

సాయంత్రం దేవుళ్లు గంపల కోసం వెళ్తే అరుగు మీద నల్లగింజల రాశి, దాని పక్కన మూతి తుడుచుకుంటున్న వీధి వీధంతా కనిపించాయి.

"అత్తా, నా పళ్ళేవీ?"

"లేవురా. ఎవులడిగినా అలాగే సెప్పమన్నావు గదా!"

అలా దేవుళ్లు ఇంట్లో ఆ పూటకి మిగిలిన పళ్ళ మూట సీసాలోదొక్కటే.