హీటరు మూల గెలుపు

అమెరికాలో దేశాధ్యక్ష పదవికి పార్టీ ఎవరిని నిలబెట్టాలో అందరికంటే ముందు తేల్చే మహత్తర బాధ్యత అయోవా రాష్ట్రానిది. ఆ తేల్చడం నడి చలికాలంలో, బడి వ్యాయామశాలలో, మూలల్లో నిలబడి జరుగుతుంది. (ఓటు పెట్టెలు బద్ధకస్తులకు.) అభ్యర్థికో మూల. ఎవరినీ ఎంచుకోనివారికి కూడా ఒక మూల. నూటికి పదిహేను మందైనా లేని మూల చెల్లదు.

మార్లిస్ ట్వెట్ ఏడాదిపాటు సెనేటర్ హోల్కమ్ కోసం మంచులో ఇల్లిల్లూ తిరిగింది. తీరా ఆ సాయంత్రం ఆమె మూలకు ఒక్క మనిషి తక్కువయ్యాడు. ఆ మనిషి ఆమె మొగుడు డెల్బర్ట్. ఎంచుకోనివారి మూలలో మడతకుర్చీ వేసుకుని హాయిగా కూర్చున్నాడు.

"ఏవయ్యా, లేచి ఇటు రా!"

"హీటరు ఇక్కడుంది మార్లిస్."

"హోల్కమ్ అంటే నీకిష్టమేగా!"

"బంగారంలాంటి మనిషి. కానీ నా మోకాళ్ళు ఇప్పుడిప్పుడే దారికొస్తున్నాయే."

మార్లిస్ ఆపిల్ కేకు ముక్క చూపించింది. (మూలలోకి తిండి చూపించి పిలవడం లంచం కాదు, సంప్రదాయం.)

"ఇక్కడికే పట్రా," అన్నాడు డెల్బర్ట్.

ఈలోగా మిగతా మూలల వాళ్ళు కూడా చేతులు రుద్దుకుంటూ ఒక్కొక్కరే హీటరు దగ్గరికి జరిగారు. మార్లిస్ సభాధ్యక్షుడు ఆరిన్ హైస్‌మన్ మీద పడింది.

"వాళ్ళు చలి కాచుకుంటున్నారండీ! అదీ ఒక అభిప్రాయమేనా?"

"నిలబడ్డ చోటే అభిప్రాయమమ్మా. ఎందుకు నిలబడ్డారని అడిగే అధికారం నాకు లేదు," అంటూ ఆరిన్ గంట కొట్టాడు. తర్వాత తన కోటు తీసుకుని తనూ హీటరు దగ్గరికి వెళ్ళాడు.

ఎంచుకోనివారు అఖండ మెజారిటీతో గెలిచారు. హోల్కమ్ మూల చెల్లలేదు. మార్లిస్ కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ ఆ కేకు ముక్క తనే తినేసింది.

మర్నాడు టీవీలో ముగ్గురు నిపుణులు ఈ ఫలితాన్ని విశ్లేషించారు. పల్లెజనం గుండెల్లో నిప్పు రగులుతోందని, పార్టీలు ఇకనైనా కళ్ళు తెరవాలని హెచ్చరించారు. ప్రజల ఆగ్రహాన్ని శిరసావహిస్తూ హోల్కమ్ మధ్యాహ్నానికల్లా పోటీ నుంచి తప్పుకున్నాడు.

సోఫాలో దుప్పటి కప్పుకున్న డెల్బర్ట్ గంభీరంగా తలాడించాడు.

"నిజమేనే. మనవాళ్ళు మహా కోపంగా ఉన్నారు."

మార్లిస్ లేచి వెళ్ళి ఇంట్లో హీటరు కట్టేసింది.