జావా తేలేని పాట

ఆ ఆదివారం దీవెన అనుకున్నది చిన్న పనే. పాలకొల్లులో తమ చర్చి తెరమీద పాటల చరణాలు వచ్చేలా తాను రాసిన ప్రోగ్రాంని మొదలుపెట్టి, వెళ్ళి అమ్మ పక్కన కూర్చోవడం. ప్రోగ్రాం రాసింది పైథాన్‌లో. పాటలు దాచిన క్లౌడ్ సర్వర్ నుంచి వాటిని తెచ్చే పని మాత్రం లోపలున్న జావా అనే ఇంకో కంప్యూటర్ భాషది. అందుకు దానికి ఒక రహస్య తాళంచెవి, అంటే పాస్‌వర్డ్ లాంటి చిన్న ఫైలు, కావాలి. ఇంట్లో ఎన్నిసార్లు చూసినా చక్కగా తెచ్చింది. ఎప్పుడైనా తేడా వస్తే ఇంగ్లిష్ చూసి పెద్దవాళ్ళు కంగారుపడతారని, తెరమీద పడే మాటలన్నీ తెలుగులోకి మార్చింది కూడా.

పాట నంబరు నొక్కింది. తెరమీద ఇంత లావు అక్షరాలు పడ్డాయి: "మీరెవరో నాకు తెలియదు."

ఆడవాళ్ళ వైపు ముందు వరసలో దీవెన తల్లి జ్ఞానమ్మ, చివరి వరసలో పిన్ని దేవకుమారి ఉన్నారు. పాట ఎవరు ఎత్తుకోవాలన్న దగ్గర అక్కచెల్లెళ్ళకి మాటా మాటా వచ్చి, పలకరింపులు ఆగిపోయి ఏళ్ళయింది. రాసింది అక్క కూతురు. ఇంకేముంది, ఆ మాట తనకేనని దేవకుమారి చెంగు సర్దుకుని లేచింది.

దీవెన కంగారుగా మళ్ళీ నొక్కింది. "మిమ్మల్ని నమ్మలేను," అంది తెర. దేవకుమారి గుమ్మం వైపు నడిచింది.

అప్పుడు వెలిగింది దీవెనకి. ఇంట్లో ప్రోగ్రాం నడిచేది తన పేరుతో. ఇక్కడ కంప్యూటర్ దాన్ని వేరే పేరుతో నడుపుతోంది. తాళంచెవి దీవెన ఫోల్డర్‌లో ఉంటే, జావా పాపం ఆ రెండో పేరు ఫోల్డర్‌లో వెతుక్కుంటోంది. తాళంచెవిని అక్కడికి మార్చి నొక్కింది.

"మీ కోసమే వెతుకుతున్నాను. దయచేసి ఆగండి."

చెప్పుల్లో కాలు పెట్టబోతున్న దేవకుమారి ఆగింది. వెనక్కి తిరిగి నేరుగా అక్క దగ్గరికి వచ్చింది. "ఇదేదో నోటితో అడగొచ్చుగా అక్కా," అంది.

జ్ఞానమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా జరిగి చోటిచ్చింది. "కూర్చోవే. పాట నువ్వెత్తుకో."

ఈలోగా తెరమీదికి పాట వచ్చింది. కానీ ఇద్దరూ చూడకుండానే పాడుతుంటే, జనం చూపంతా వాళ్ళ మీదే ఉండిపోయింది.

ఆరాధన ముగిశాక పాస్టరు యెహెజ్కేలుగారు దీవెనని పక్కకి పిలిచారు. తప్పెక్కడ జరిగిందో, ఎలా సరిచేసిందో ఆమె చెప్పబోతే ఆయన వినలేదు.

"అది కాదమ్మా, వచ్చే వారం ఇంకొక్కసారి చెడగొట్టగలవేమో చూడు. మగవాళ్ళ వైపు పొలం గట్టు తగాదాతో మాటల్లేని అన్నదమ్ములున్నారు."