వెనక మెట్టు మీది గిన్నె

ఆ రోజు పొద్దున తొక్కల డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. దూడల కడుపులు కాసేపు ఖాళీగా ఉంచాలి. పశుసంవర్ధక శాఖ కమిటీ పరీక్షకు రాగానే వాటి ముందు దాణా పోయాలి. అవి ఆవురావురుమంటూ తొట్టి నాకేస్తుంటే తాను వినయంగా చేతులు కట్టుకుని నించోవాలి. అంతే.

అతను వైద్యం చేసే డాక్టరు కాదు, పశువుల మేత మీద పరిశోధన చేసే డాక్టరు. జనం పారేసే ప్రతిదాన్నీ చూసి "ఇది దూడ తింటుందా?" అనుకోవడం అతని ఉద్యోగమూ, జబ్బూ కూడా. పళ్లరసం ఫ్యాక్టరీ గుమ్మరించే నారింజ తొక్కలు, గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండెలు, బిస్కెట్ల ఫ్యాక్టరీలో విరిగిన ముక్కలు అన్నీ ఎండబెట్టి, దంచి, గడ్డితో కలిపి మూడేళ్లు కష్టపడి ఒకే దాణా తయారుచేశాడు. ఎదిగే దూడకు ఇదొక్కటి చాలు, వేరే మేత అక్కర్లేదని అతని వాదన. ఈరోజు దూడలు దాన్ని తినకపోతే షెడ్డుకు తాళం పడుతుంది, ఆరు దూడలూ వేలానికి పోతాయి, డాక్టరు గోదాములో ఖాళీ సంచులకు కాపలా కాస్తాడు.

ఇంట్లోనూ అతని శాసనం ఒకటి నడుస్తోంది. క్వార్టరుకూ షెడ్డుకూ మధ్య నాలుగు అడుగుల దూరం. వంటగది వెనక మెట్టు మీద ఏది పెట్టినా అది దూడలదే. మేత వేసే పెద్దాయన, అందరూ మేతయ్య అంటారు, అడగకుండా పట్టుకుపోతాడు. గిన్నెలు తోముకుందామని అత్తగారు ఎండబెట్టుకున్న నిమ్మతొక్కలు ఒకసారి అలాగే పోయాయి. అప్పట్నుంచి ఆవిడ అల్లుడితో మాట్లాడటం మానేశారు.

"మేతయ్యా, ఇవాళ దాణా కొట్టు తలుపు తియ్యకు. అందులోది ఒక్క గింజ కూడా వాటి నోట్లో పడకూడదు."

"అలాగేనండి. పాపం, అరుస్తాయేమో."

"అరవనీ. అరిస్తేనే కమిటీ వాళ్లకి వాటి ఆకలి తెలుస్తుంది."

వంటగదిలో కమిటీ భోజనం తయారవుతోంది. కూరగాయలూ మసాలాలూ వేసి వండిన అన్నం పెద్ద గిన్నె నిండా పొగలు కక్కుతోంది. "ఏమండీ, ఇది కాస్త దించి ఎక్కడైనా పెట్టండి. పొయ్యి ఖాళీ కావాలి," అంది భార్య. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కారు హారను మోగింది. డాక్టరు చేతులు గిన్నెను పట్టుకున్నాయి, మనసు గేటు దగ్గరికి పరిగెత్తింది. కాళ్లు ఎటు తీసుకెళితే అటు వెళ్లి, గిన్నె దింపి, చొక్కా సర్దుకుంటూ ఉరికాడు.

కమిటీ అంటే అధ్యక్షురాలు, ఆవిడ ఏమంటే దానికి తలూపే ఇద్దరు సభ్యులు. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఆ శాఖలో లేరు. డాక్టరు చార్టులు తెరిచి రెండు ముక్కలు చెప్పాడో లేదో, ఆవిడ చెయ్యి అడ్డుపెట్టారు.

"నాకు లెక్కలొద్దు. తిన్నదే దాణా, తిననిది చెత్త. పదండి."

అయినా ల్యాబంతా తిరిగి, ప్రతి సీసా మూత తీయించి చూశాకే షెడ్డుకు బయల్దేరారు. అప్పటికి ఎండ నడినెత్తికొచ్చింది. దూడల అరుపులు వినపడటం లేదేమిటా అనుకుంటూ డాక్టరు అందరికంటే ముందు నడిచాడు.

షెడ్డులో అడుగుపెట్టి కొయ్యబారిపోయాడు. ఆరు దూడలూ తీరుబడిగా పడుకుని, కళ్లు అరమోడ్చి నెమరేస్తున్నాయి. డొక్కలు మద్దెలల్లా ఉన్నాయి. తొట్టిలో దాణా పోస్తే ఒకటి లేచి వాసన చూసి మొహం తిప్పుకుంది. రెండోది గట్టిగా తుమ్మింది. ఆ పొడంతా ఎగిరి అధ్యక్షురాలి కళ్లజోడు మీద పడింది.

డాక్టరు మేతయ్యను స్తంభం చాటుకు లాక్కెళ్లాడు. "ఏం పెట్టావయ్యా వాటికి?"

"కొట్టు తలుపు ముట్టుకోలేదండి, ఒట్టు! మెట్టు మీద గిన్నె ఉంటే తెచ్చి పోశాను. మెట్టు మీదిది దూడలదేనని మీరే కదండీ అన్నారు? ఇవాళ్టిది మాత్రం మహా ఘుమఘుమలాడిందండి."

డాక్టరు పైప్రాణాలు పైనే పోయాయి. ఇంతలో భార్య చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"ఏమండీ, గిన్నె ఎక్కడ పెట్టారు? వడ్డిద్దామంటే ఇల్లంతా వెతికినా..." ఆవిడ మాట అక్కడే ఆగిపోయింది. ఎదురుగా ఉన్న దూడ మూతికి క్యారెట్ ముక్క అంటుకుని ఉంది.

"నా నిమ్మతొక్కలు పోయిన దారినే పోయుంటుంది," అన్నారు వెనకాల వచ్చిన అత్తగారు. నిమ్మతొక్కలు పోయాక అల్లుడి ముందు ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

అధ్యక్షురాలు కళ్లజోడు తుడుచుకున్నారు. "అంటే మా భోజనం దూడలు తినేశాయన్నమాట."

"క్షణంలో మళ్లీ వండేస్తానండీ!" అంది భార్య, ఏడుపు గొంతుతో.

"నాకు షుగరమ్మా. భోజనం తయారే అన్నారని మాత్ర కూడా వేసేసుకున్నాను." ఆవిడ మొహం పాలిపోయింది. పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. బల్ల మీద నమూనాగా పళ్లెంలో పెట్టిన దాణా నారింజ, బిస్కెట్ల వాసన కొడుతోంది. అందరూ చూస్తుండగానే ఆవిడ చెయ్యి పళ్లెంలోకి వెళ్లింది.

"అయ్యో మేడమ్, అది దాణా!" డాక్టరు గొంతు కీచుమంది.

"తెలుసు," అని ఆవిడ మరో గుప్పెడు నోట్లో వేసుకున్నారు. చాలాసేపు నమిలారు. పెద్దావిడ తింటుంటే ఊరికే నించోవడం మర్యాద కాదని సభ్యులిద్దరూ చెరో చిటికెడు తీసుకున్నారు. ఆ తర్వాత చెరో గుప్పెడు. షెడ్డులో నమిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. డాక్టరు భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మూడేళ్ల కష్టం ఇలా గంగలో కలుస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

పళ్లెం ఖాళీ అయింది. అధ్యక్షురాలు లేచి మూతి తుడుచుకున్నారు. "ఆమోదించాం. ఇంకో మూడేళ్లకి."

"మేడమ్, దూడలు తినలేదు కదా!" ఇంత ఘోరంలోనూ డాక్టరు నోరు ఊరుకోలేదు.

"తిన్నదే దాణా అన్నానా? తిన్నాను. ఆ కండెల పొడి ఇంకాస్త మెత్తగా దంచండి, పళ్లలో ఇరుక్కుంటోంది."

మర్నాడు పొద్దున్నే డాక్టరు తానే తొట్టి నిండా దాణా పోశాడు. ఆరు దూడలూ ఆకలితో అరుస్తూనే దాన్ని వాసన చూసి, పక్కకు తోసి, వంటగది వెనక మెట్టు వైపు తిరిగి మెడలు చాచాయి.

దాణాకు ఆమోదం వచ్చేసింది. ఇక తినే పశువులు దొరకడమే తరువాయి.